డక్టు జాయింటులో కరెంటు తగలెయ్యడం ఎలా?

ప్రతి జనవరిలో నాంపల్లిలో అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన తెరుస్తారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఈ నుమాయిష్‌లో కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ బట్టలు, మిర్చిబజ్జీలు, జెయింట్ వీలు అన్నీ దొరుకుతాయి. పరిశ్రమ మాత్రం ఎక్కువగా పేరులోనే ఉంటుంది. ఆ మైదానం గోడకు ఇవతల గల్లీల్లో నిజంగా పరిశ్రమ నడుపుకునే సేట్లున్నారు. రంపం మిషన్లవాళ్లు, వెల్డింగ్ షాపులవాళ్లు, బేకరీలవాళ్లు, బిర్యానీ వంటశాలలవాళ్లు. వాళ్లకు ఉచిత సలహా చెప్పే స్టాలు నా కంటపడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ చిట్కాలు.

విషయం గాలి గురించి. దుమ్మునూ పొగనూ పీల్చి బయటికి పంపడానికి హుడ్లు, డక్టులు, చివర ఒక బ్లోయరు పెడతాం. తిన్నని డక్టులో గాలి తక్కువ ఖర్చుతోనే పోతుంది. రెండు డక్టులు కలిసే జాయింటు దగ్గరే దాని శక్తి పెద్దమొత్తంలో వృథా అవుతుంది. అయితే ఆ వృథా దానంతటది జరగదు, మన వంతు కృషి కావాలి. మీకు ఒక ఫర్నిచర్ వర్క్‌షాపు ఉందనుకుందాం. అందులో రంపం, రందా మిషను, సాండరు. ఒక్కోదానికి ఆరంగుళాల కొమ్మ డక్టు, మూడు కొమ్మలూ కలిసే మెయిన్ డక్టు, చివర మూడు హెచ్‌పీ బ్లోయరు. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి తొమ్మిది ఉపాయాలు చెబుతాను.

1. కొమ్మను తొంభై డిగ్రీల్లోనే కలపండి

డక్టు పనిచేసే ఉస్తాద్‌లలో కొందరికి పనితనం చూపించుకోవాలన్న దురద ఉంటుంది. కనిపెట్టి ఉండండి.

“ఏం గీస్తున్నవ్ ఉస్తాద్?”

“కొమ్మ వాలుగ పెడ్తున్న సేటూ. ముప్పై డిగ్రీలు.”

“ఎందుకట్ల?”

“గాలి తిప్పలు పడకుంట పోతది.”

“షీటు?”

“జర ఎక్కువైతది. కటింగ్ గూడ కష్టమే.”

“అయితే సీదా కొట్టెయ్.”

ఈ ఒక్క మాట చాలు. ఉస్తాద్ మెయిన్ డక్టు మీద గుండ్రంగా గీత గీసి, ఉలితో చిల్లు కొట్టి, కొమ్మ అంచును పళ్లుపళ్లుగా కత్తిరించి మడిచి, నాలుగు రివెట్లు వేసి, చుట్టూ సిలికాన్ పూసి నిచ్చెన దిగుతాడు. వాలుగా కలపాలంటే అలా కుదరదు. చిల్లు కోలగా సాగుతుంది, కొమ్మ అంచును ఆ వంపుకు సరిపడా కత్తిరించాలి, ముందు అట్ట మీద గీసి చూసుకోవాలి. ఇంత శ్రమ ఎవరి కోసం? గాలి కోసమా? గాలి ఎప్పుడైనా వచ్చి ఫిర్యాదు చేసిందా?

ఫిర్యాదు కరెంటు బిల్లు రూపంలో వస్తుంది, అది వేరే సంగతి. కదిలే గాలికి ఆ వేగం వల్లనే కొంత ఒత్తిడి ఉంటుంది. దాన్ని వెలాసిటీ ప్రెషర్ అంటారు. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో ఆ అంకెను వర్గం చేసి 0.6తో గుణిస్తే పాస్కళ్లలో వస్తుంది. రంపపుపొట్టు డక్టులో కూర్చోకుండా కొట్టుకుపోవాలంటే సెకనుకు 20 మీటర్ల దాకా వేగం కావాలి. అంటే 240 పాస్కళ్లు, నీటిమట్టంలో చెప్పుకుంటే 24 మిల్లీమీటర్లు. పారిశ్రామిక వెంటిలేషన్ మీద అమెరికాలో ఏసీజీఐహెచ్ అనే సంస్థ 1951 నుంచి ఒక మాన్యువల్ అచ్చువేస్తోంది. డక్టులు గీసేవాళ్లు దేశదేశాల్లో తిరగేసే పుస్తకమది. దాని పట్టిక ప్రకారం కొమ్మ 30 డిగ్రీల్లో కలిస్తే ఆ ఒత్తిడిలో 0.18 వంతు పోతుంది. 45 డిగ్రీలకు 0.28, 60 డిగ్రీలకు 0.44. తొంభై డిగ్రీలకైతే 1.00, అంటే పూర్తిగా హుష్‌కాకి.

కారణం చిన్నది. ఎగ్జిబిషన్ రోజుల్లో గాంధీభవన్ పక్క గల్లీలోంచి ఒక ఆటో మెయిన్ రోడ్డు మీదికి అడ్డంగా దూరిందనుకోండి. అది ఆగుతుంది, వెనకవాళ్లు ఆగుతారు, రోడ్డు మీద పోయేవాళ్లూ బ్రేకు వేస్తారు. అదే ఆటో పోయేవాళ్ల పక్కనే కాస్త దూరం నడిచి వాలుగా కలిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. అడ్డంగా దూరిన గాలి మెయిన్ డక్టు అవతలి గోడకు గుద్దుకుని సుడులు తిరుగుతుంది. ఆ సుడులు చివరికి వేడిగా మారిపోతాయి. ఆ వేడిని మళ్లీ గాలి తోపుగా మార్చే మిషను రాణీగంజ్‌లో కూడా అమ్మరు.

ఖర్చు లెక్క కూడా చూసుకుని సంతోషించండి. మూడు కొమ్మల గాలి కలిపి సెకనుకు దాదాపు 1.06 ఘనమీటర్లు. ముప్పైకి బదులు తొంభై డిగ్రీలు పెట్టిన కొమ్మ తన వంతు గాలి తేవాలంటే బ్లోయరు దాదాపు 197 పాస్కళ్లు అదనంగా లాగాలి. బ్లోయరు, మోటారు కలిసి కరెంటులో సగాన్నే గాలికి అందిస్తాయనుకుంటే 420 వాట్లు. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే సుమారు 1,250 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున ఏడాదికి పదివేలు. చారెడు షీటు మిగిల్చి ఏటా పదివేలు కట్టగల అవకాశం అందరికీ దక్కదు.

2. రెండు కొమ్మలను ఎదురెదురుగా కలపండి

రంపం ఈ పక్క, రందా మిషను ఆ పక్క ఉంటే రెండు కొమ్మలనూ మెయిన్ డక్టులో ఒకేచోట, ఎదురెదురుగా దించండి. చూపుకు ముచ్చటగా ఉంటుంది. రెండు గాలులూ నడిమధ్య ఢీకొని ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఆ మాన్యువల్ వద్దని చెప్పిన పనుల్లో ఇదొకటి. ఒకదాని తర్వాత ఒకటి, కాస్త ఎడంగా కలపమంటుంది. ఇంకో మెట్టు పైకి వెళ్లదలిస్తే కొమ్మను మెయిన్ డక్టు కిందివైపు నుంచి కలపండి. బ్లోయరు ఆపగానే మెయిన్లో మిగిలిన పొట్టంతా కొమ్మలోకి జారి కూర్చుంటుంది. మర్నాడు పొద్దున మీ కార్పెంటరు డక్టును సుత్తితో కొడుతూ పని మొదలుపెడతాడు. గల్లీ మొత్తానికి షాపు తెరిచిన సంగతి తెలుస్తుంది.

3. మెయిన్ డక్టు మొదటి నుంచి చివరిదాకా ఒకే సైజు

కొమ్మ కలిసిన ప్రతిచోటా మెయిన్ డక్టు లావు కావాలంటారు. మన లెక్కలో మొదటి మిషను దగ్గర ఆరంగుళాలు, రెండోది కలిశాక దాదాపు ఎనిమిదిన్నర, మూడోది కలిశాక పదింబావు. సైజు మారే ప్రతిచోటా గరాటు ముక్క ఒకటి చేయాలి. ఇంత గొడవ ఎందుకు? ఒకే సైజు అన్నారంటే రేటు ఒకటి, కొలత ఒకటి.

ఇందులో మీ అభిరుచిని బట్టి రెండు దారులున్నాయి. పొదుపరులైతే చివరిదాకా ఆరంగుళాలే వేయండి. మూడు మిషన్ల గాలీ అందులోంచి పోవాలంటే వేగం సెకనుకు 60 మీటర్లు కావాలి. వేగం మూడింతలైతే ఒత్తిడి నష్టం సుమారు తొమ్మిదింతలు. మూడు హెచ్‌పీ బ్లోయరు అంత లాగలేదు కాబట్టి మూడు మిషన్ల దగ్గరా గాలి సన్నగిల్లుతుంది.

ఉదారులైతే మొదటి నుంచే పదంగుళాలు వేయండి. ఒక్క మిషను గాలి అంత లావు డక్టులో సెకనుకు ఏడు మీటర్లకు పడిపోతుంది. పొట్టు మోసే వేగం అది కాదు. పొట్టు డక్టు అడుగున మేట వేస్తుంది, మేట వేసిన కొద్దీ దారి ఇరుకవుతుంది. అంటే మీరు కష్టపడకుండానే డక్టు సైజు తనే తగ్గించుకుంటుంది. ఎండిన కర్రపొట్టు డక్టు నిండా పేరుకుని ఉన్నప్పుడు ఏ మేకు తగిలో ఒక్క నిప్పురవ్వ లోపలికి పోతే ఏమవుతుందో ఇక్కడ రాయను.

4. జాయింటు కాగానే బెండు, బెండు కాగానే బ్లోయరు

సుడులు తిరుగుతున్న గాలికి సర్దుకోవడానికి కొంత తిన్నని దారి కావాలంటారు. ఆ దారి ఇవ్వకండి. జాయింటు దాటిన జానెడు దూరంలోనే బెండు పెట్టండి. అది కూడా గుండ్రంగా తిరిగే బెండు కాదు, రెండు ముక్కలు మూలకు అతికించిన చదరపు మలుపు. అలాంటి మూలలో వెలాసిటీ ప్రెషర్ మొత్తమూ పోయి, ఇంకా ఎదురు బాకీ పడుతుంది. డక్టు వెడల్పుకు ఒకటిన్నర, రెండింతల వ్యాసార్ధంతో నున్నగా తిరిగిన బెండులో పోయేది సుమారు పావు నుంచి నలభై శాతం మాత్రమే.

తర్వాత ఆ మలుపును తిన్నగా బ్లోయరు నోటికే బిగించండి. రెక్కల చక్రంలోకి గాలి ఒకవైపే ఎక్కువగా పడుతుంది, బ్లోయరు క్యాటలాగులో చూపిన గాలి ఇవ్వదు. అప్పుడు బ్లోయరు అమ్మిన షాపువాడి మీద విరుచుకుపడవచ్చు. ఫేజులు తారుమారై బ్లోయరు ఎదురు తిరుగుతున్నా కొంత గాలి వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ సంగతీ చాలాకాలం బయటపడదు.

5. పంపకం డ్యాంపర్లకు వదిలేయండి

జాయింటు దగ్గర రెండు దారులు కలుస్తాయి. అక్కడ ఒత్తిడి ఒక్కటే ఉంటుంది, రెండు ఉండవు. ఏ దారి సులువైతే ఆ దారినుంచి గాలి ఎక్కువ వస్తుంది. మీరు గోడకు అంటించిన డ్రాయింగు గాలి చదవదు. సాండరు కొమ్మ తన పూర్తి గాలి తేవడానికి 60 మిల్లీమీటర్ల నీటిమట్టం కావాల్సి ఉండి, జాయింటు దగ్గర 40 మాత్రమే దొరికిందనుకోండి. ఆ కొమ్మలో గాలి దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. సెకనుకు 20 మీటర్లు పోవాల్సింది 16 దగ్గర ఆగుతుంది.

జాగ్రత్తపరులు దీన్ని కాగితం మీదే సరిచేస్తారు. రెండు దారుల ఒత్తిళ్లలో తేడా ఇరవై శాతం లోపుంటే సులువు దారిలో గాలి కాస్త పెంచి లెక్క కలుపుతారు. అంతకు మించితే డక్టు సైజే మారుస్తారు. మీరు ఆ కాగితం జోలికి పోకండి. ప్రతి కొమ్మకూ గాలి దారిని తెరిచి మూసే డ్యాంపరు ఒకటి పెట్టి పిడి కార్పెంటర్ల చేతికివ్వండి. రంపం దగ్గరివాడు తనది పూర్తిగా తెరుస్తాడు, సాండరు దగ్గరివాడికి గాలి తగ్గుతుంది. వాడు వచ్చి రంపం డ్యాంపరు సగం మూస్తాడు. మధ్యాహ్నానికి మాటామాటా పెరుగుతుంది. మీరు ఇద్దరికీ చాయ్ తెప్పించి రాజీ చేయండి. గాలి సంగతి అక్కడితో అందరూ మరిచిపోతారు.

6. గాలి చాలకపోతే మోటారు మార్చండి

పై చిట్కాలన్నీ పాటిస్తే గాలి చాలదు, తప్పదు. అప్పుడు జాయింటు వైపు చూడకండి, మోటారు వైపు చూడండి. మూడు హెచ్‌పీ పీకేసి ఐదు హెచ్‌పీ బిగించండి. ఎక్కువమంది ఇక్కడ ఒక మంచి పని చేస్తారు: మోటారు మార్చి పుల్లీ మార్చరు. బ్లోయరు పాత స్పీడుకే తిరుగుతుంది, గాలి పాతదే వస్తుంది. కొత్త మోటారు మాత్రం ధీమాగా మోగుతుంది.

పుల్లీ కూడా మార్చారే అనుకుందాం. బ్లోయరుకు మూడు సూత్రాలున్నాయి. గాలి స్పీడుతో పాటు పెరుగుతుంది, ఒత్తిడి స్పీడు వర్గంతో, కరెంటు స్పీడు ఘనంతో పెరుగుతాయి. అందుకే అదే డక్టులో మూడు హెచ్‌పీ పోయి ఐదు హెచ్‌పీ వస్తే కరెంటు 67 శాతం పెరుగుతుంది, గాలి 19 శాతం మించి పెరగదు. గాలి రెట్టింపు కావాలంటే ఎనిమిదింతల శక్తి కావాలి, అంటే 24 హెచ్‌పీ. ఆ మోటారు ఆన్ చేస్తే గల్లీ మొత్తం దీపాలు ఒకసారి వంగి సలాం చేస్తాయి.

7. హుడ్‌ను మిషనుకు దూరంగా పెట్టండి

పనికి అడ్డం వస్తోందని హుడ్‌ను ఓ మూరెడు పైకి లేపండి. ఊదే గాలి చాలా దూరం పోతుంది, పీల్చే గాలి పోదు. పీల్చే డక్టు నోటి నుంచి ఒక్క డక్టు వెడల్పు దూరంలోనే వేగం పదో వంతుకు పడిపోతుంది. ఆరంగుళాల డక్టైతే ఆరంగుళాల దూరంలోనే ఆ కథ ముగుస్తుంది. డక్టు నోటిని వట్టిగా వదిలేయడమూ మరవకండి. వట్టి నోటి దగ్గర గాలి దూరేటప్పుడు వెలాసిటీ ప్రెషర్‌లో 0.93 వంతు పోతుంది. చుట్టూ ఒక పట్టీ అంచు వేస్తే 0.49కి తగ్గుతుంది, గంట ఆకారంలో నోరు విప్పితే 0.04 మాత్రమే. అంత పొదుపు మనకు తగదు.

8. పైన టోపీ బిగించండి

వాన పడుతుందని డాబా మీద డక్టు చివర ఒక టోపీ పెడతారు కదా, దాన్ని వీలైనంత కిందికి దించండి. డక్టు వెడల్పంత ఎత్తులో ఉంటే వెలాసిటీ ప్రెషర్‌లో పోయేది 0.10 వంతే. సగం ఎత్తుకు దించితే 0.73. టోపీకి తగిలిన దుమ్ము కిందికి మళ్లి మీ డాబా మీదా, పక్కింటి తీగ మీది బట్టల మీదా వాలుతుంది. ఆబిడ్స్, నాంపల్లి డాబాల మధ్య సందు ఎంతో మీకు తెలుసు.

9. దేన్నీ కొలవకండి

అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇది. కొలతంటూ మొదలైతే పై ఎనిమిదీ బయటపడతాయి. దురదృష్టం ఏమిటంటే కొలవడానికి పెద్ద పరికరం కూడా అక్కర్లేదు. తాపీమేస్త్రీలు లెవెల్ చూసుకునే సన్నటి పారదర్శక గొట్టం ట్రూప్ బజార్‌లో దొరుకుతుంది. దాన్ని మడిచి చెక్కకు కట్టి, కొంచెం రంగునీళ్లు పోసి, పక్కన స్కేలు అంటిస్తారు. కొమ్మలో జాయింటుకు ముందొక చిన్న చిల్లు, మెయిన్లో జాయింటు దాటాక కాస్త దూరంలో ఇంకొకటి. గొట్టం ఒక కొసను చిల్లుకు ఆనిస్తే డక్టు వైపు నీళ్లు పైకి పాకుతాయి, రెండు మట్టాల మధ్య తేడా చదువుకోవడమే. కొమ్మలోనూ మెయిన్లోనూ గాలి వేగం ఒకటే అయితే ఆ రెండు చిల్లుల అంకెల మధ్య తేడాయే జాయింటు మింగిన ఒత్తిడి. ముప్పై డిగ్రీల జాయింటైతే నాలుగైదు మిల్లీమీటర్లు, తొంభై డిగ్రీలదైతే ఇరవైనాలుగు. చిల్లులకు తర్వాత టేపు అంటిస్తే సరిపోతుంది. హుడ్ దగ్గర సన్నటి కాగితం పట్టీ వేలాడదీసి, అది ఎంత గట్టిగా లోపలికి వంగుతోందో చూసేవాళ్లూ ఉంటారు. గొట్టంతో గానీ కాగితంతో గానీ ఎవరైనా షాపులోకి వస్తే మొజంజాహీ మార్కెట్ దాకా ఏదో పని చెప్పి పంపండి.

చదువుకున్నవాళ్లకు కూడా దూరంగా ఉండండి. నాంపల్లి పొరుగునే రెడ్‌హిల్స్‌లో సింగరేణి భవన్ ఉంది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైన ఆ బొగ్గుగనుల సంస్థలో వెంటిలేషన్ చదివినవాళ్లు ఉంటారు. భూగర్భంలో గాలి దారులు కలిసేచోటా, మలుపు తిరిగేచోటా పోయే ఒత్తిడిని వాళ్లు షాక్ లాస్ అని లెక్కగడతారు. బొగ్గుగనుల నిబంధనలు అక్కడ పనిచేసే ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం ఆరు ఘనమీటర్ల గాలి అందాలంటాయి. బ్లోయరు దగ్గర కాదు, మనిషి పనిచేసే చోటుకు అందాలి. వాళ్లతో ఒక్క చాయ్ తాగితే మీ మనసు మారే ప్రమాదముంది.

ఇంతదాకా కరెంటు లెక్కే చెప్పాను. ఇంకో లెక్క ఉంది, అది చెప్పేటప్పుడు వెటకారం కుదరదు. కర్రపొట్టు దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల వర్గం అది. 1995లో అచ్చయిన సంపుటిలో ఈ మాట ఉంది. ముఖ్యంగా ముక్కుకూ, ముక్కు పక్కనుండే సైనస్ గదులకూ వచ్చే క్యాన్సర్లు. 2017లో వెల్డింగ్ పొగను కూడా అదే వర్గంలో చేర్చింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ దుమ్మూ పొగా పుట్టిన చోటుకు వీలైనంత దగ్గరగా పీల్చే ఏర్పాటు ఉండాలని, ఆ చోటును వీలైనంతవరకు మూసి ఉంచాలని అప్పుడే రాసింది. జాయింటు దగ్గర పోయిన ఒత్తిడి సాండరు హుడ్ దగ్గర తగ్గిన గాలిగా తేలుతుంది. అక్కడ హుడ్ పీల్చలేని దుమ్మును దాని ముందు నిలబడ్డ కుర్రాడు పీలుస్తాడు.

డక్టు షీటుకు డబ్బు ఒక్కసారే పోతుంది. చెడ్డ జాయింటుకు సేటు నెలనెలా కడతాడు, పనివాడు ఊపిరితిత్తులతో కడతాడు. కొత్త డక్టు వేయించేవాళ్లు కొటేషన్లో మూడు మాటలు రాయించుకోండి: కొమ్మలు 30 డిగ్రీల్లో, తప్పనిసరైతే 45లో కలవాలి, ప్రతి కొమ్మ తర్వాత మెయిన్ సైజు ఎంతో విడిగా రాయాలి, పని అయ్యాక ప్రతి హుడ్ దగ్గరా గాలి కొలిచి చూపాలి. ఈ మూడూ రాయని కాగితానికి అడ్వాన్సు ఇవ్వకండి.